బోర్డు కింద కుప్ప

శేషశయనం గారు ఏ కట్టుబడికి వెళ్లినా గోడలు చూసేవారు కాదు. ముందు చెత్తకుప్ప ఎక్కడుందో అడిగేవారు. మట్టితో కట్టడాలు లేపడంలో తల పండిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న అరుంధతి కదిరి దగ్గర బడిపిల్లలకు భోజనశాల కట్టిస్తోంది. అంతా కాల్చని మట్టి ఇటుకలే. తానే పెద్దగా నిలబడి కట్టించడం ఆమెకు ఇదే మొదలు. గురువుగారు వస్తున్నారని గేటు దగ్గర బోర్డు కూడా తుడిపించింది. ‘ఇక్కడ ఏదీ వృథా పోదు’ అని రాసుంది దాని మీద. ఇటుక పాడుచేసినవాళ్లు మర్నాడు పొద్దున అందరి ముందూ నిలబడి చెప్పుకోవాలని ఆమె నియమం. ఆ నియమం పెట్టాక ఒక్కరూ నిలబడలేదు మరి!

“కుప్ప ఏదమ్మా?” అన్నారు గురువుగారు వస్తూనే.

“లేదండీ. మా దగ్గర ముక్క కూడా పోదు,” అంది గర్వంగా. పక్కనున్న మౌలాలి మేస్త్రీ ఎవరూ అడక్కుండానే భుజాలు తడుముకున్నాడు.

భోజనాలయ్యాక ఆ గర్వం కాస్త పక్కన పెట్టి, మనసులో నలుగుతున్నది అడిగేసింది. “గురువుగారూ, ఇక్కడ నా మాట ఎవరూ జవదాటరు. ఏమన్నా ‘సరేమ్మా’ అంటారు. అయినా నాకు కంటి మీద కునుకు లేదు. రేపు కమాను కింద ఆనుగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు తీయించాలంటే భయంగా ఉంది. నా పెద్దరికంలో లోటేమిటి?”

ఆయన లేచి వెళ్లి, పేర్చిన వరసలోంచి ఒక ఇటుక అందుకున్నారు. అది చేజారి నేల మీద పడి రెండు ముక్కలైంది. ఆయన చేతిలోంచి ఇటుక జారడం అరుంధతి ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. ఆయన తాపీగా ముక్కలు ఏరుకుని, తీసుకెళ్లి బోర్డు కింద పెట్టారు.

“ఇది నా చేతిలో విరిగింది,” అన్నారు అందరికీ వినబడేలా.

పనివాళ్లంతా అరుంధతి ముఖం వంక చూశారు. ఆమెకు ఏం చేయాలో తోచలేదు. గురువుగారిని అందరి ముందూ నిలబెడుతుందా? చివరికి తనకే నవ్వొచ్చింది. “పోనీలెండి, అక్కడే ఉండనీయండి,” అంది.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఇటుకలు మోసే సుంకులమ్మ టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి, దాచిన ముక్కలు తెచ్చి పక్కన పెట్టింది. ఆమె వెనకాలే ఇంకొకరు. ఆఖరున మౌలాలి వచ్చాడు, ఉత్త చేతులతో.

“అమ్మా, మొన్న వానకు నానిన ఇటుకలు పారేస్తే అందరి ముందర నిలబడాల్సొస్తాదని కమాన్లోనే పెట్టేసినాం. పైన బాగా పూసినాం. రేపు చెక్కలు తీయొద్దమ్మా.”

అరుంధతి కమానుకేసి చూసింది. ఆ కమాను కిందే పిల్లలు పంక్తిలో కూర్చోవాలి. కోపం నోటిదాకా వచ్చింది. బోర్డు కింద ముక్కల వంక చూసి, దాన్ని మింగేసింది.

“బతికించావు మేస్త్రీ,” అంది. అన్నాక ఎంత హాయిగా అనిపించిందంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి.

హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, పని ఇంకొన్నాళ్లు పడుతుందని ఉన్నమాట చెప్పేసింది. సాయంత్రానికి కమాను విప్పేశారు. నానిన ఇటుకలన్నీ కుప్పకెక్కాయి. కాల్చనివి గనుక నీళ్లు పోసి తొక్కితే మళ్లీ మట్టే, మళ్లీ ఇటుకే. సుంకులమ్మ అప్పుడే చీర కుచ్చిళ్లు ఎగదోపి తొక్కడం మొదలుపెట్టింది. అది చూస్తూ అరుంధతి నోరారా ఆవలించింది.

“ఇక ఆ బోర్డు తీయించేయనా గురువుగారూ?”

“బోర్డు నిన్నేం చేసిందమ్మా? దాని కిందనుంచి కుప్పను మాత్రం కదిలించకు,” అన్నారాయన. “వెళ్లి పడుకో.”