మంచం పక్క మనిషి

డాక్టర్ హైమవతిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ప్రశ్నను విని, తన పని తాను చేసుకుపోతుంది. జవాబు దారిలో ఎక్కడో ఎదురవుతుందని ఆమె నమ్మకం. ఆ రోజు అడిగినవాడు కౌండిన్య. ఆ ప్రభుత్వాసుపత్రిలో తలకు దెబ్బలు తగిలినవాళ్ల వార్డు చూసుకుంటూ, ఆమె దగ్గరే పరిశోధన చేస్తున్న యువ డాక్టరు.

ల్యాబ్‌లో ఇద్దరి ముందూ కంప్యూటర్ తెర మీద, దెబ్బ తిన్న మెదడులోని ఆస్ట్రోసైట్ కణం ఒకటి ఉంది. నాడీకణాలకు తిండి అందించి, వాటి చుట్టూ పేరుకున్న చెత్త ఎత్తి, వాటిని బతికించే కణం అది. పైకి చెక్కుచెదరలేదు. లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మాత్రం, దారాల్లా పొడుగ్గా ఉండవలసినవి, నలిపిన సేమియాలా ముక్కలై ఉన్నాయి.

"మేడమ్, ఆలోచించేవీ గుర్తుపెట్టుకునేవీ నాడీకణాలు. దెబ్బకు నష్టపోయేవీ అవే. మనం వాటిని వదిలేసి ఈ వండిపెట్టే కణాల్ని చూస్తూ కూర్చున్నామెందుకు?"

హైమవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రౌండ్స్‌కి వేళయింది, పద."

సింహాద్రి గోడలకు రంగులు వేసే మనిషి. మోటారు సైకిల్ జారి తల పగిలితే పోయిన వారం తీసుకొచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. గంజి చప్పగా ఉందని తిట్టేంతగా కోలుకున్నాడు. కౌండిన్య అతని సంగతంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. పక్కన గిన్నె పట్టుకుని అతని భార్య నూకరత్నం నిలబడి ఉంది. మన ఆసుపత్రుల్లో మగవాడి మంచం పక్క నిలబడ్డ ఆడమనిషిని అటెండెంట్ అంటారు. మెడలో ఒక పాసు వేస్తారు. పాసు ఉన్నవాళ్లకు జబ్బులు రావు. ఆడదాని మంచం పక్క ఎవరూ లేకపోతే, దానికొక పేరు పెట్టే అవసరం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

"బాబూ, ఈయనకి తగ్గిపోద్దా?" అంది నూకరత్నం.

"తగ్గిపోతుందమ్మా. పొద్దున కూడా చెప్పాను."

కౌండిన్య స్కాన్ ఫిల్ము వెలుతురుకు ఎత్తి చూపించాడు. హైమవతి చూసి తిరిగి ఇచ్చింది.

"బాబూ, ఈయనకి తగ్గిపోద్దా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? చెవిలో పడుతోందా?"

వారంలోనే వరస కలిపేసుకున్న పక్క మంచం దగ్గరి ఆవిడ కిసుక్కున నవ్వింది. "మా అప్పకి మతి లేదు బాబూ. నిన్న నా గిన్ని లాక్కుపోయి బావ నోట్లో పోసేసినాది. ఆయన ఇదే రుచిగుందన్నాడు!"

"ఇది ముందునుంచీ మొద్దే," అన్నాడు సింహాద్రి. "ఆసుపత్రికొచ్చినకాడ్నుంచి మరీ మొద్దయిపోనాది."

కౌండిన్య కూడా నవ్వాడు. హైమవతి నవ్వలేదు. తర్వాతి మంచం వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"నూకరత్నం, బండి జారినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బండి మీదేనమ్మా. ఎనకాల."

కౌండిన్య చేతిలో ఫిల్ము కిందికి దిగింది.

"నువ్వూ పడ్డావా?"

"పడ్డాను. లేచి ఆటో పిలిసినాను. ఈయన్ని ఎక్కించినాను." ఆమె ముడి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ కూసింత బొప్పి కట్టినాది. అటు ఈయనకి నెత్తురు కారిపోతంటే నాదేటి సూసుకుంటాను?"

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవులూ అడగలేదమ్మా."

హైమవతి ముడి విప్పింది. ఎండిన నెత్తురుతో జుట్టు అట్ట కట్టి ఉంది. దాని కింద పిడికిలంత వాపు. టార్చి వేస్తే ఒక కంటిపాప ముడుచుకుంది. రెండోది కదలాలా వద్దా అన్నట్టు ఉండిపోయింది. హైమవతి టార్చి ఆర్పింది. రోజూ ఆ మంచం దగ్గర నిలబడి వెళ్లింది ఆమె కూడా. సింహాద్రి ఆపరేషన్‌కు సంతకం ఎక్కడ పెట్టాలో నూకరత్నానికి వేలితో చూపించింది కౌండిన్యే. గీత దాటి పెట్టిందని విసుక్కున్నదీ అతనే.

"బాబూ," అంది నూకరత్నం, ఆ మాట అప్పుడే మొదటిసారి తోచినట్టు, "ఈయనకి తగ్గి..."

గిన్నె జారింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది. స్ట్రెచర్ అని హైమవతి అరిచిన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది. కౌండిన్య ఆమెను చేతుల మీదికి ఎత్తుకున్నాడు. తలుపు దాటుతుంటే వెనక నుంచి సింహాద్రి గొంతు వినిపించింది.

"మరి నాకు గంజెవులు పడతారు?"

స్కాన్‌లో మెదడు మీద నెత్తురు పేరుకుని ఉంది. గంటలోపే ఆమెను థియేటర్లోకి తీసుకెళ్లారు. నర్సు కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చి, "నూకరత్నం అటెండెంట్ ఎవరు?" అని కేకేసింది. ఎవరూ పలకలేదు. ఇంకా గట్టిగా కేకేసింది. వరండాలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నూకరత్నం మెడలోంచి తీసిన పాసు హైమవతి చేతిలో ఉంది. దాన్ని కౌండిన్య మెడలో వేసింది. అతను తల ఎత్తలేదు. ఆమె వెళ్లి థియేటర్ తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. పక్కన చోటు చూపించి అంది:

"ఇందాక ల్యాబ్‌లో ఆ వండిపెట్టే కణాల గురించి ఏదో అడిగావు. మళ్లీ అడుగు."