సన్నమ్మ ఊపిరి కొలత

వానలు మొదలవకముందే, నేల మీద గూడు పెట్టుకునే పిట్టలన్నీ వాగు వంపులో ఉన్న పొరల కొట్టానికి వచ్చేవి. అరటి బోదె లోపలి పొరని నున్నటి బండ మీద పరిచి, మారేడు జిగురు రాసి ఆరబెడితే, గూటి మీద వేసుకునే వానకప్పు తయారవుతుంది. ఉల్లిపొరంత పలచన. బండ మీంచి దాన్ని చిరగకుండా ఎత్తి తడిక మీద దించడమే అసలు పని. ఆ పని చేసేది ఒక ఏనుగు. పేరు సన్నమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ల వేళాకోళాన్ని ఇప్పుడు మనమేం చెయ్యలేం.

సన్నమ్మ పొరని తొండంతో పట్టుకునేది కాదు. తొండం కొస ఆనించి ఊపిరి మెల్లగా లోపలికి లాగేది. పొర దానంతటదే అంటుకుని లేచేది. దించేటప్పుడు ఆ ఊపిరినే కొంచెం కొంచెంగా వదిలేది. ఇరవై ఏళ్లలో ఆమె దగ్గర చిరిగిన పొర లేదు. అయినా సరే, ప్రతి కప్పునీ ఎండకెత్తి చూసేవారు. సూదిమొనంత చిల్లున్నా చుక్కలా మెరుస్తుంది. అలాంటిది గడప దాటకూడదని కొట్టం కట్టుబాటు.

కొట్టానికి మేస్త్రీ జంబయ్య, నక్క. ఆ వేసవిలో అతను వాగు నీటితో తిరిగే చక్రమొకటి కట్టించాడు. దానికి ఎనిమిది వెదురు చేతులు, ఒక్కో చేతి చివర గాలి లాగే తోలుతిత్తి.

“పెద్దమ్మా, నువ్వు ఊపిరి ఎంత బలంగా లాగుతావో కొలుచుకుంటాను. తిత్తులకి ఆ కొలతే పెడతాను. ఇక నువ్వు హాయిగా కూర్చుని చెరకు తినొచ్చు” అన్నాడు.

“కూర్చోబెడుతున్నావా, గెంటేస్తున్నావా?”

“ఎంత మాటన్నావు. కొత్త నీరొస్తే పాత నీరు పక్కకి జరగాలి కదా.”

“ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే నాయనా. పొద్దుటి పొర తడిగా ఉంటుంది, మధ్యాహ్నానికి బిగిసిపోతుంది. రెండింటికీ ఒకటే ఊపిరి పనికిరాదు.”

“అలాగా. అయితే రెండు కొలతలు చెప్పు, రెండూ పెడతాను.”

సన్నమ్మకి ఒళ్లు మండింది అక్కడే. నక్క కాదంటాడనీ, తగువు పడొచ్చనీ అనుకుంది. అతను నేర్చుకుంటానంటున్నాడు. నేర్పిస్తే ఇక తనతో పనేముంది?

మర్నాడు కొలతకి కూర్చున్నప్పుడు ఆమె తడిదొకటి, ఆరినదొకటి, రెండూ దళసరి పొరలే ఏరుకుంది. రెంటినీ మామూలు కంటే రెండింతల బలంతో లాగింది. దళసరివి కాబట్టి వాటికేమీ కాలేదు. జంబయ్య ఆ బలానికి సరిపడా తిత్తులకి రాళ్లు కట్టుకుని సంబరపడ్డాడు. నక్కని మించిన జిత్తు వేశానని సన్నమ్మ కూడా సంబరపడింది. చక్రం ఎత్తిన ప్రతి పొరకీ చిల్లులు పడతాయి. ఎండకెత్తగానే బయటపడతాయి. జంబయ్య తల దించుకుని “పెద్దమ్మా, రావమ్మా” అంటూ వస్తాడు. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. నిజంగా ఆమె అనుకున్నది అంతే.

కానీ ఆ వారం మబ్బులు ముందే కమ్మాయి. ఎండ మొహమే లేదు. పిట్టలేమో కప్పుల కోసం తొందరపెడుతున్నాయి.

“చూడకుండా ఎలా పంపుతావు?” అని ఎవరో అడిగితే జంబయ్య నవ్వాడట. “చక్రం లాగేది సన్నమ్మ ఊపిరి. సన్నమ్మ పొరకి చిల్లెప్పుడైనా చూశారా?”

ఆ సాయంత్రం కౌజుపిట్ట నూకాలు వీపు మీద కప్పు మోసుకుంటూ వాగొడ్డున సన్నమ్మ దగ్గర ఆగింది.

“అప్పా, ఈసారి ఏడు గుడ్లు. పోయినేడు పాము ఒక్కటీ మిగల్చలేదు కదా. ఈసారి దేవుడు చల్లగా చూశాడు.”

“కప్పుని ఎండకెత్తి చూశారా?”

“ఎండెక్కడిది? అయినా నీ ఊపిరే కదా, చూసేదేముంది?”

దాన్ని కప్పకమ్మా, అనబోయింది సన్నమ్మ. ఎందుకని అడిగితే? తన జిత్తు బయటపెట్టుకోవాలి. పెద్ద వాన వచ్చేలోపు చిల్లులు ఎవరి కంటో పడకపోవు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, “జాగ్రత్తమ్మా” అని మాత్రం అంది.

పెద్ద వాన ఆ రాత్రే మొదలై రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు నూకాలు వచ్చింది. రెక్కలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి.

“చుక్క చుక్క కారి గూటి గుంట నిండిపోయిందప్పా. నేను పైన కూర్చునే ఉన్నాను. నా కిందే చల్లబడిపోయాయి, ఏడూ. అంతా ఆ చక్రం చేసిన పనే. నువ్వెత్తిన పొరైతే కారేదా? ఆ నక్కకి నువ్వైనా గడ్డి పెట్టు.”

సన్నమ్మకి ఏడుపొచ్చింది. “చక్రం కాదు నూకాలూ. దానికి తప్పుడు కొలత ఇచ్చింది నేనే.”

నూకాలు ఒక అడుగు వెనక్కి వేసింది. “మొన్న నేను ఇక్కడ ఆగినప్పుడు నీకు తెలుసా?”

“తెలుసు.”

తిట్టినా బాగుండేది. నూకాలు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

సన్నమ్మ కొట్టానికి వెళ్లి అందరి ముందూ చేసింది చెప్పింది. జంబయ్య కూడా తలెత్తలేదు. “చూడకుండా పంపింది నేను. అందులో సగం పాపం నాది” అన్నాడు. తర్వాత ఆమె కూర్చుని అసలు కొలతలు నేర్పింది, తడి పొరకొకటి, ఆరిన పొరకొకటి. చక్రం ఆ రోజంతా తిరిగింది. ఒక్క పొరా చిరగలేదు. మబ్బు విడి ఎండ కాయడంతో ప్రతిదాన్నీ సన్నమ్మే ఎండకెత్తి చూసింది. చక్రం తనకంటే మెత్తగా దించుతోంది. మొన్నటిదాకా ఆ మాట ఒప్పుకునేది కాదు. ఇప్పుడు పైకే చెప్పింది.

అన్నిటిలోకీ మంచి కప్పు ఏరి, తొండం కొసకి ఊపిరితో ఆనించుకుని, దారి పొడుగునా ఒక్క ముడత పడకుండా నూకాలు గూటికి తీసుకెళ్లింది. నూకాలు ఖాళీ గుంట పక్కన కూర్చుని ఉంది. కప్పు వంక చూసింది గానీ ముట్టుకోలేదు.

“మంచి కప్పే అప్పా. ఇప్పుడు దేని మీద కప్పను?”

నీతి: చిల్లుందని తెలిసి చెప్పనివాళ్లదే ఆ చిల్లు.