చక్రాల ఇంటికి జనరేటరు

జనరేటరు ఏది కొనాలో తేలక మద్దిలేటికి వారం నుంచి అన్నం సహించడం లేదు.

అతను ఈరమ్మ అవ్వ శిష్యుడు. అవ్వది బనగానపల్లె దగ్గర చిన్న ఆశ్రమం. ప్రతి ఎండాకాలం ఆమె నాపరాతి గనుల ఊళ్ళు తిరిగి, సాయంత్రం పూట కూలీల మధ్య కూర్చుని నాలుగు మాటలు చెప్పి వచ్చేది. ఆమె గొంతు చిన్నది. ఆమె మాట్లాడుతుంటే జనం దగ్గరికి జరిగి కూర్చునేవాళ్ళు.

కిందటేడు అట్లా తిరుగుతూనే వడదెబ్బ తగిలి మద్దిలేటి చేతుల్లో పడిపోయింది. బతికింది గానీ, డాక్టరు గట్టిగా చెప్పాడు. పగలంతా చల్లని చోట ఉంచగలిగితేనే ఊళ్ళు తిప్పండి, లేకపోతే ఇంటిపట్టున ఉంచండి అని.

శిష్యులంతా కలిసి, జీపు వెనక తగిలించుకుని లాగే చక్రాల ఇల్లు ఒకటి సంపాదించారు. లోపల మంచం, నీళ్ళ కుండ, గోడకు ఏసీ. గనుల దగ్గర బండి ఆపే చోట కరెంటు ఉండదు. ఏసీకి జనరేటరు కావాలి.

"అది నేను చూసుకుంటా" అని అందరిలో అన్నది మద్దిలేటే. అది కుదరకపోతే అవ్వ ఈ ఏడు ఎక్కడికీ పోవడానికి లేదు.

మొదట తెలిసినవాళ్ళ దగ్గర చిన్నది ఒకటి అడిగి తెచ్చాడు. ఫ్యాను గాలి బాగానే వచ్చింది. చల్లదనం మొదలయ్యే సమయానికి ఏసీ లోపల గుర్రుమంది. జనరేటరు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

నంద్యాలలో షాపు ఆయన ఈ సంగతి విని నవ్వాడు.

"ఏసీ నడిచేటప్పుడు తినేది వేరు, లేచేటప్పుడు అడిగేది వేరు సామీ. లేచే ఆ ఒక్క క్షణం చానా అడుగుతుంది. అది ఇచ్చే బలం ఉండాల."

ఆయన రెండు చూపించాడు. ఒకటి పెద్ద సూట్‌కేసంత ఉంది. చుట్టూ మూత, సన్నటి చప్పుడు. "మీ ఏసీని ఇది లేపుతుంది, నాది పూచీ" అన్నాడు. రెండోది పెళ్ళిళ్ళకు టెంటుహౌసు వాళ్ళు తెచ్చే రకం. ఇనప చట్రంలో ఉంది. ఇద్దరు పడితే గానీ లేవదు.

మద్దిలేటికి సూట్‌కేసు మీద నమ్మకం కుదరలేదు. నడిపి చూసి చెప్తానని పెద్దదాన్ని జీపులో వేసుకొచ్చాడు.

దాన్ని ఆశ్రమం ముందర దించుతుంటే వంట చేసే ఓబుళమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఎవరిది పెండ్లి?"

"నీదే. పెండ్లికొడుకుని దించుతున్నాం, కనపడ్లేదా?"

"పొగ తాగే అలవాటు ఉన్నట్టుందే" అంది ఓబుళమ్మ.

మద్దిలేటి తాడు లాగాడు. ఆవరణంతా దద్దరిల్లింది. కోళ్ళు గోడ దాటి పోయాయి. ఏసీ మాత్రం మారుమాట లేకుండా లేచింది. అవ్వను చెయ్యి పట్టుకుని మెట్టెక్కించి, లోపల పడుకోబెట్టి, తలుపు వేసి, జనరేటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతనికి గుండె కుదుటపడింది.

ఓబుళమ్మ చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "ఈ మోత నీకు బాగుందా?"

"బాగుంది" అని అతనూ అరిచాడు. "మోత ఉన్నంతసేపు అవ్వ చల్లగా ఉన్నట్టే. ఆ సూట్‌కేసయితే నడుస్తాందో, ఆగిందో నాకెట్ల తెలుస్తుంది? దానికి చెవి ఆనించుకుని కూర్చోవాల్నా?"

ఆమె చెవులు మూసుకుని వంటింట్లోకి పోయింది. మద్దిలేటి కళ్ళు మూసుకున్నాడు. మోత ఒక్కసారి కూడా తడబడలేదు.

కాసేపటికి అవ్వకు మజ్జిగ ఇద్దామని గ్లాసు తీసుకుని వెళ్ళి తలుపు తీశాడు. వేడిగాలి ముఖాన కొట్టింది.

ఏసీ ఆగి ఉంది. అవ్వ కిటికీ తెరుచుకుని, మంచం మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటోంది. ముఖమంతా చెమట.

గ్లాసు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. అవ్వ చెయ్యి పట్టి చూశాడు. నుదురు పట్టి చూశాడు. కిందటేడు ఆ ఒళ్ళు పొడిబారి కాలిపోయింది. ఇప్పుడు తడిగా ఉంది, చల్లగానే ఉంది.

"ఎప్పుడు ఆగిందవ్వా?"

మోతలో ఆమెకు వినపడలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. అతను పరుగున పోయి జనరేటరు ఆపి వచ్చాడు.

"ఎప్పుడు ఆగింది ఏసీ?"

"ఆగలే. నేనే ఆపినా" అంది అవ్వ. "ఏసీ చప్పుడు లేకుంటే నా గొంతు నీకు వినపడుతుందేమోనని ఆపి నిన్ను పిలిచినా. మల్లా పిలిచినా."

మద్దిలేటి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. "నీకేమన్నా అయ్యింటే?"

"కిటికీ తీసుకునే ఆపినాలే. ఏం కాలే. మజ్జిగ ఆ కుండ మీద పెట్టినావు, ఇట్లియ్యి."

అతను అందించాడు. ఆమె తాగింది. గ్లాసు వెనక్కి తీసుకుంటూ అడిగాడు.

"నాకు తెలీడంలేదవ్వా. నువ్వే చెప్పు. ఎంత పెద్దది కొనేది?"

"నేను పిలిస్తే నీకు వినపడేంత పెద్దది" అంది అవ్వ.

మరుసటి రోజు చక్రాల ఇంటిని జీపుకు తగిలించుకుని, పెద్దదాన్ని వెనక్కి తెచ్చేసరికి షాపు ఆయన ఆశ్చర్యపోయాడు. "బలం చాల్లేదా సామీ?"

"బలానికేం, ఎక్కువే. ఆ సూట్‌కేసుకు ఏసీ తగిలించి చూపించు."

ఏసీ గుర్రుమన్నప్పుడు సూట్‌కేసు గొంతు కొంచెం పెంచింది. తర్వాత సర్దుకుని సన్నగా నడిచింది. మద్దిలేటి కాసేపు చూశాడు.

"ఇప్పుడు నువ్వు ఆ గోడ దగ్గర నిలబడి నా పేరు పిలువు."

"మద్దిలేటీ" అన్నాడు షాపు ఆయన, ఏమీ అర్థంగాక.

"ఇంకా మెల్లగా."

"మద్దిలేటీ."

"ఇంకా."

"ఇంతకంటే మెల్లగా అయితే నాకే వినపడదు సామీ" అన్నాడు ఆయన. కానీ పిలిచాడు. మద్దిలేటి తల ఊపి, సూట్‌కేసును తానొక్కడే మోసుకుని జీపులో పెట్టుకున్నాడు.

చైత్రం దాటాక బండి కదిలింది. మొదటి మజిలీ గని ఒడ్డున, తెల్లటి రాతిపొడి మధ్య. మిట్టమధ్యాహ్నం. జనరేటరును దూరంగా, పొగ అవతలికి పోయేట్టు పెట్టి, మద్దిలేటి చక్రాల ఇంటి మెట్టు దగ్గర నీడలో కూర్చున్నాడు. లోపల మంచం కిర్రుమనడం వినపడింది. కుండ మీద మూత తీసిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు. అతను తలెత్తి తలుపు వైపు చూశాడు.

"మద్దిలేటీ" అంది అవ్వ లోపలి నుంచి, గాలిలో కలిసిపోయేంత మెల్లగా.

"ఆ అవ్వా."

"ఏం లేదు నాయనా. నువ్వూ కొంచెం ఒరుగు."