పోలవ్వ చీల

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. ఊఁ కొట్టని వాళ్ళకి సగం కథే అందుతుంది. తర్వాత నన్ననకండి.

అనగనగా ఏటిగడ్డ అని ఒక ఊరు. ఎన్నేళ్ళ కిందటిదో ఎవరికీ తెలీదు. చలికాలం వచ్చిందంటే ఏట్లోంచి మంచు లేచి వీధుల్లో తిరిగేది. ఆ మంచులో మనుషులు కనబడేవాళ్ళు కాదు, వాళ్ళ మాటలే వినబడేవి.

ఆ ఊళ్ళో పోలవ్వ ఉండేది. బళ్ళకీ, మంచాలకీ, తలుపులకీ కర్ర చీలలు చెక్కేది. చీలంటే తెలుసుగా? రెండు చెక్కల్ని కలిపి పట్టుకునే చిన్న కర్రముక్క. ఆ ఊళ్ళో అంతకంటే చిన్న పని లేదు. బండి చేసినవాడి పేరు చెప్పుకుంటారు గానీ, చీల చెక్కినదాని పేరు ఎవరు చెప్పుకుంటారు?

ఆవిడ పాకకి ముగ్గురు పిల్లలు వచ్చేవాళ్ళు. వడ్రంగుల ఆదెమ్మ, నేతవాళ్ళ సోములు, కుమ్మరుల అంకాలు. ముగ్గురికీ ఒకటే పిచ్చి. తనంతట తాను నడిచే బొమ్మను చెయ్యాలని. బొమ్మ వీపున ఇసుక సంచి ఉంటుంది. ఇసుక జారితే చక్రం తిరగాలి. చక్రం తిరిగితే కాలు లేవాలి.

మొదటి బొమ్మ ముక్కు మీద పడింది.

"అవ్వా, పడిపోయింది. బాగుచేసి పెట్టవా?"

"నేనెందుకు? బొమ్మనే అడగండి," అంది పోలవ్వ.

అడిగారు. తల బరువెక్కువని తేలింది.

రెండో బొమ్మ గిరగిరా తిరిగింది గానీ ముందుకి పోలేదు.

"అవ్వా, నువ్వొక్కసారి చెయ్యి పెట్టు."

"నేనెందుకు? బొమ్మనే అడగండి."

అడిగారు. ఒక కాలు పొట్టిదని తేలింది.

మూడో బొమ్మ అసలు కదలనే లేదు. పిల్లలకి ఏడుపొచ్చింది. పోలవ్వ వాళ్ళకి గంజి పోసి పక్కనే కూచుంది. చెయ్యి మాత్రం పెట్టలేదు. నాలుగు రోజులు అడగ్గా అడగ్గా, ఇసుకలో గులకరాయి అడ్డుపడిందని తేలింది.

మొండి ముసలిది అని ఊరంతా అనేది. నన్నడిగితే నిజంగానే మొండిది.

పాక ఉన్న స్థలం ఊరి దొరది. ఆయనకి గడ్డి వేసుకోడానికి చోటు కావాల్సొచ్చి, పాక తీసెయ్యమన్నాడు. పిల్లలు కాళ్ళావేళ్ళా పడితే ఒక మాటిచ్చాడు.

"మీ బొమ్మ చెంబుడు నీళ్ళు మోస్తూ, ఎండిన ఏటిపాయ దాటి అవతలి ఒడ్డుకి నడవాలి. మంచు విడిచేలోపు చేరాలి. మధ్యలో ఆగితే బాగుచేసుకోండి, ఎత్తుకుపోకూడదు. చేరితే పాక మీది. చేరకపోతే నా గడ్డిది."

పన్నెండు రోజుల గడువు. తొమ్మిదో రోజున పోలవ్వ పోయింది. చీల చెక్కుతూ చెక్కుతూ, గోడకి ఆనుకుని నిద్రపోయినట్టే పోయింది. ఆఖరి చీల ఒళ్ళో ఉంది.

పిల్లలు దాన్ని కళ్ళకద్దుకున్నారు. పన్నెండో రోజు పొద్దున దానికి తడి పసుపు పూసి బొట్టు పెట్టారు. బొమ్మ మోకాల్లో ఉన్న చీలను తీసి పాకలో పడేసి, అవ్వ చీలను పెట్టారు. అది కాస్త లావుగా ఉంది.

"కొంచెం చెక్కుదామా?" అంది అంకాలు.

"అవ్వ చీలకి కత్తి పెడతావా? కళ్ళు పోతాయే!" అన్నాడు సోములు.

సుత్తితో కొట్టి దించారు.

బొమ్మ నడిచింది. టక్కు, టక్కు, టక్కు. ముగ్గురూ ఆ చప్పుడు వెంట మంచులోకి నడిచారు. ఒడ్డు లేదు, ఊరు లేదు, ఆకాశం లేదు. కలలో నడుస్తున్నట్టుంది వాళ్ళకి. సరిగ్గా ఏటి నడుమ చప్పుడు ఆగిపోయింది.

అంకాలు బొమ్మ ముందు కూచుని మెడ తడిమింది, చక్రం తడిమింది, మోకాలు తడిమింది.

"పసుపు తడికి చీల ఉబ్బింది. పట్టేసింది. తీసెయ్యాలి."

సోములు చేతులు అడ్డం పెట్టాడు. "వద్దే. అవ్వది మనకి మిగిలింది ఇదొక్కటే. ఇదీ తీసేస్తే ఇక అవ్వ లేనట్టే."

తూర్పున మంచు పలచబడుతోంది.

ఆదెమ్మ ఏడుస్తూనే అంది. "ఇన్నేళ్ళలో అవ్వ మన బొమ్మకి ఒక్క చీలైనా ఇచ్చిందా చెప్పు? ఇది వేరే దేనికో చెక్కిందిరా. మనకి కాదు."

సోములు అడ్డం పెట్టిన చేతులు తీశాడు. తర్వాత తనే చీలను ఊడదీశాడు.

అంకాలు గడ్డిపరకతో కన్నం కొలిచింది. ఏరు ఎప్పుడో కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మను ఏరి ఆదెమ్మ చెక్కింది. సోములు మగ్గం నూనె అంటిన తన తువ్వాలుతో దాన్ని తుడిచాడు. చీల చూడ్డానికి మొరటుగా ఉంది. కన్నంలో మాత్రం సరిగ్గా కూచుంది.

టక్కు, టక్కు, టక్కు.

అప్పుడు మంచులో ఆ ముగ్గురివీ కాక ఇంకొకరి అడుగులు కూడా వినబడ్డాయని మా నాయనమ్మ చెప్పేది. మా నాయనమ్మకి చెవుడు లెండి.

అవతలి ఒడ్డున దొర నిలబడి ఉన్నాడు. మంచులోంచి ముందు చెంబు వచ్చింది, తర్వాత బొమ్మ వచ్చింది, తర్వాత పిల్లలు వచ్చారు. ఎండ ఇంకా పడలేదు. దొర చెంబులోకి తొంగిచూశాడు.

"సగమే ఉన్నాయి. మిగతా నీళ్ళేవి?"

"ఏటి నీళ్ళే కదండీ దొరా, ఏట్లోనే తొణికాయి," అంది అంకాలు.

దొరకి నవ్వొచ్చింది. మాట తప్పలేదు.

మరి అవ్వ ఆఖరి చీల? పిల్లలు పాకకి వచ్చి అన్నిటికీ పెట్టి చూశారు. తలుపుకి పట్టలేదు, పీటకి పట్టలేదు. అవ్వ మంచం కోడుకి పెడితే అతికినట్టు పట్టింది. ముగ్గురూ ఆ మంచం మీద కూచుని తనివితీరా ఏడ్చారు.

వాళ్ళు పెద్దవాళ్ళై ఎందరికో నేర్పారు. ఆ నేర్చుకున్నవాళ్ళు ఇంకెందరికో నేర్పారు. పోలవ్వ ముఖం ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు లేరు. కానీ ఏటిగడ్డలో ఇవాళ్టికీ, అడిగి తెచ్చుకున్నదైతే దాన్ని చీల అంటారు. ఎవరి కన్నానికి వాళ్ళు చెక్కుకున్నదైతే పోలవ్వ అంటారు.

అక్కడి పిల్లలు మొదటిసారి చెక్కి, "మొరటుగా వచ్చిందే" అని దిగులుగా చూపిస్తారు. పెద్దవాళ్ళు దాన్ని చేత్తో ముట్టుకోరు.

"పెట్టి చూడు. పోలవ్వ అయితే కూచుంటుంది," అంటారు.