అందరూ ఒప్పుకున్న పార్కు

చంకలో ప్లాను చుట్ట పెట్టుకుని విశ్వేశ్వరం ఆశ్రమానికి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. విశాఖలో ఓ పాత పార్కును కొత్తగా తీర్చిదిద్దే పని అతనికి అప్పగించారు. తెల్లారితే పని మొదలు. ముందుగా గురువుగారి ఆశీస్సు కావాలి.

ఆనందగిరి స్వామి ప్లాను మీద వేలుంచి అడిగారు.

"వెనక గోడలో ఓ సందు ఉండాలే, ఏమైంది?"

మూయించేస్తున్నానని చెప్పాడు విశ్వేశ్వరం. ఇన్నాళ్లూ వెనక పేట జనం ఆ సందులోంచే వచ్చేవారు. ఇకమీదట ముందువైపు మెట్లెక్కి, కొత్త గేటులోంచి దర్జాగా రావచ్చు. ఇందులో తన సొంత పెత్తనం ఏమీ లేదు. పేటవాళ్లందర్నీ పిలిచి, షామియానా వేయించి, కుర్చీల్లో కూర్చోబెట్టి మరీ అడిగాడు. ఒక్కరూ కాదనలేదు.

"గవరమ్మని ఒకావిడ ఉంది స్వామీ. పక్షవాతం వచ్చిన భర్తను రోజూ సాయంత్రం చక్రాల కుర్చీలో తోసుకొస్తుంది. ఆవిడ ప్లాను చాలాసేపు చూసి, 'బాగుంది బాబూ, మీ ఇష్టం' అంది."

ఆ మాట చెబుతుంటే గొంతులో గర్వం దాచుకుందామన్నా దాగలేదు. చక్రాల కుర్చీ మెట్లెలా ఎక్కుతుందన్న సంగతి మాత్రం తట్టలేదు. బాగా చదువుకున్నవాడు పాపం.

స్వామి ప్లాను చుట్టి పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లారు. వచ్చినవాళ్లకు స్వయంగా వండిపెట్టడం ఆయనకు అలవాటు. కాసేపటికి విస్తరి వేసి, అన్నం, పప్పు వడ్డించి, నెయ్యి వేసి ఎదురుగా కూర్చున్నారు.

మొదటి ముద్దకే తెలిసిపోయింది, పప్పులో ఉప్పు లేదు. గురువు చేతి వంటకు వంక పెడతాడా? విశ్వేశ్వరం తలవంచుకుని తినసాగాడు.

"ఎలా ఉంది నాయనా?"

"బాగుంది స్వామీ."

"ఇంకాస్త వెయ్యనా?"

"మీ ఇష్టం స్వామీ."

ఆ మాట అన్నాక గానీ అందులో గవరమ్మ గొంతు అతనికి వినిపించలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

స్వామి గరిటె కింద పెట్టారు. ఆయన కళ్లలో కోపం లేదు, దిగులుంది.

"ఉప్పు కావాలనే వెయ్యలేదు. చిన్నప్పట్నుంచీ నా చేతి ముద్ద తింటున్నావు. నాకే చెప్పలేకపోయావు. ఆవిడ నిన్ను చూసింది ఒక్కసారే."

విశ్వేశ్వరం తలెత్తలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా ఆ విస్తరి ముందే కూర్చుండిపోయాడు.