ఎనిమిదో నిమిషం గంట

పరబ్రహ్మం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరికేది కాదు, పని దొరికేది. గోదావరి ఒడ్డున ఒక కాలేజీలో ఆయన ముప్ఫై ఏళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నారు. సిద్ధాంత గ్రంథం ఎన్ని పేజీలుండాలని ఒకప్పుడు ఒక విద్యార్థి అడిగితే, లైబ్రరీలో పాత గ్రంథాల దుమ్ము దులిపి రమ్మన్నారట. మూడో రోజుకల్లా అతను తను రాసుకున్నదాంట్లో సగం కొట్టేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే తెలివైనవాళ్లు ఆయన దగ్గర నోరు మెదిపేవాళ్లు కారు. ఎస్తేరు తెలివైన పిల్లే గానీ, ఆ సాయంత్రం ఆమెకు ఉండబట్టలేదు.

ఎస్తేరు ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని. మునగ గింజల పొడి కలిపితే బురద నీళ్లు ఎంతబాగా తేరుకుంటాయన్నది ఆమె పరిశోధన. ఏడాదిన్నర పాటు కాలువల వెంట సీసాలు పట్టుకు తిరిగింది. మర్నాడు కాలేజీలో విద్యార్థుల పరిశోధన సదస్సు. పొద్దున్న డిగ్రీవాళ్లు, మధ్యాహ్నం పీజీవాళ్లు, మనిషికి పది నిమిషాలు, ఎనిమిదో నిమిషానికి హెచ్చరిక గంట. పీజీవాళ్లలో మొదటి బహుమతి వచ్చినవాళ్లనే రాష్ట్ర సదస్సుకు పంపుతారు. అక్కడ పెద్ద పెద్ద సంస్థలవాళ్లు వచ్చి పీహెచ్‌డీకి పిల్లల్ని ఏరుకుంటారు. ఎస్తేరు ఆశలన్నీ ఆ ఎంపిక మీదే ఉన్నాయి.

ఆమె మునగ గింజల్లో ఒక చిక్కుంది. అలా తేర్చిన నీళ్లు అద్దంలా ఉంటాయి, నిజమే. కానీ గింజలోని పదార్థం కొంత ఆ నీళ్లలోనే మిగిలిపోయి, ఒక రోజు దాటితే కుళ్లడం మొదలుపెడుతుంది. రెండో రోజుకు వాసన, మూడో రోజుకు ఆ నీళ్లు తాగితే రోగం. ఆ సంగతి ఆమె దాచలేదు, ‘పరిమితులు’ అన్న పేరుతో ఆఖరి స్లైడులో పెట్టింది.

“మాస్టారూ, మన పనిలో ఉన్న లోపాల్ని ఎక్కడ చెప్పాలండీ? మొదట్లోనా, చివర్లోనా?” అని అడిగింది.

నిజానికి ఆ ప్రశ్న పట్టుకొచ్చేసరికే జవాబు ఆమె దగ్గరుంది. వారం రోజులుగా హాస్టల్ గదిలో గడియారం పెట్టుకుని సాధన చేసింది. హెచ్చరిక గంట సరిగ్గా గ్రాఫుల మధ్యలో పడాలి, ఆఖరి స్లైడు తెర మీద కనపడీ కనపడకుండా పోవాలి, అదీ లెక్క. మాస్టారి చేత కూడా ‘చివర్లోనే’ అనిపించుకుంటే, అందులో ఆయనకూ కాస్త వాటా ఉంటుందనుకుంది.

మాస్టారు బీరువా తెరిచి ఒక ఇత్తడి చేతిగంట తీసి బల్ల మీద పెట్టారు. “రేపు టైము చూడ్డానికి మనిషి లేరమ్మా. నీ వంతు వచ్చేదాకా గంట నువ్వు కొట్టు. ఎనిమిదో నిమిషానికి ఒకసారి, పదో నిమిషానికి రెండుసార్లు” అన్నారు.

మర్నాడు పొద్దున్న పదకొండు మంది డిగ్రీ పిల్లలు మాట్లాడారు. ఒకమ్మాయి అరటి నారతో సంచి చేసింది, ఒకబ్బాయి రొయ్యల పొట్టుతో ఎరువు చేశాడు. అందరివీ మంచి పనులే. మొదటి ముగ్గురి దగ్గర ఎస్తేరు గడియారం తప్ప ఇంకేమీ చూడలేదు. నాలుగో మనిషి దగ్గర్నుంచి ఆమెకు ఒక విషయం కనపడసాగింది. ఎనిమిదో నిమిషానికి గంట మోగేది. మాట్లాడేవాళ్లు ఉలిక్కిపడ్డట్టు ముఖం పెట్టి, స్లైడుల్ని గబగబా తోసి, ‘పరిమితులు’ అన్న అక్షరాలు తెర మీదికి రాగానే “సమయాభావం వల్ల దీన్ని వదిలేస్తున్నాను” అని దణ్ణం పెట్టేవాళ్లు. ఏడో మనిషీ అంతే, ఎనిమిదో మనిషీ అంతే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా! ఎస్తేరుకు నవ్వొచ్చింది.

తొమ్మిదో కుర్రవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. అతనికి కంగారెక్కువ. చెప్పాల్సిందంతా ఆరు నిమిషాల్లో చెప్పేశాడు. ఆఖరి స్లైడు వచ్చి కూర్చుంది, గంటకేమో ఇంకా రెండు నిమిషాలుంది. అతను తెర వంక చూశాడు, జడ్జీల వంక చూశాడు, చివరికి ఎస్తేరు చేతిలోని గంట వంక చూశాడు. ఆ చూపులో ‘అక్కా, కొట్టెయ్యవా’ అన్న వేడుకోలు తప్ప మరేమీ లేదు. ఎస్తేరు కొట్టలేదు. అతను ప్రిన్సిపాల్‌గారి దగ్గర మొదలుపెట్టి ల్యాబ్ తాళాలు తీసే ఆయన దాకా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, గంట మోగగానే బతుకుజీవుడా అని దిగిపోయాడు. హాలంతా నవ్వింది. ఎస్తేరు మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తన పెన్‌డ్రైవు ఉన్న సంచీని దగ్గరికి లాక్కుంది.

మార్చుకుందామంటే ఇక వీలు లేదు, ఫైళ్లన్నీ ముందురోజే ఇచ్చేశారు. మార్చాలని ఆమె గట్టిగా అనుకుందా అంటే, అదీ లేదు. మధ్యాహ్నం ఆమెకు ముందు మాట్లాడిన పీజీ విద్యార్థి ఊక బూడిదతో ఇటుకలు చేశాడు. వానలో అవి ఎన్నాళ్లు నిలుస్తాయన్నది ఆఖరి స్లైడులో ఉంది, గంట పుణ్యాన అదీ దాటిపోయింది. హాలు చప్పట్లతో మోగింది. ఆ చప్పట్లు వింటూ ఎస్తేరు గంట తీసుకెళ్లి మాస్టారి చేతికిచ్చింది.

ఆమె బాగా మాట్లాడింది. ఆరో నిమిషానికి రెండు గాజు జాడీల ఫోటో వేసింది. ఒకదాంట్లో వరద కాలువ నీళ్లు, చిక్కటి టీలాగా. రెండోదాంట్లో అవే నీళ్లు, మునగ పొడి కలిపి రెండు గంటలయ్యాక. హాల్లో అందరూ మెడలు సాచారు. గుమ్మం దగ్గర టీ ఫ్లాస్కు పట్టుకుని క్యాంటీన్ అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. ఆమెది ఏటి మధ్య లంక, ఏటా వరదొస్తే బురద నీళ్లే గతి. పక్కనున్న అటెండరుతో గుసగుసగా అన్నాననుకుంది గానీ, ఆ గొంతు వెనక బెంచీల నుంచి వేదిక దాకా వినపడింది.

“మా అమ్మమ్మ బురద దిగడానికి చిల్లగింజ అరగదీసేదయ్యా కుండలో. ఇప్పుడయ్యెక్కడ దొరుకుతున్నాయి? మునక్కాయలైతే పెరట్లోనే ఉన్నాయి. ఒక్కసారి గాబు నిండా తేర్చేసుకున్నావనుకో, వరద తీసేదాకా పిల్లలకి బెంగుండదు.”

అందరూ నవ్వారు. ఎస్తేరుకు నవ్వు రాలేదు. వరద తీయడానికి వారం పడుతుంది. ఆ గాబులో నీళ్లు మూడో రోజు ఎలా ఉంటాయో ఆ హాల్లో తెలిసింది తనొక్కదానికే. ఎదురుగా తెర మీద మొదటి గ్రాఫు వచ్చి ఉంది. ఏడాదిన్నర కష్టమంతా ఆ గ్రాఫుల్లోనే ఉంది. వాటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు తోసేసి ఆఖరి స్లైడు దగ్గర ఆగింది.

“అచ్చియ్యమ్మగారూ, వినండి” అంది. జడ్జీలు ముఖముఖాలు చూసుకున్నారు. ఎస్తేరు వాళ్లను చూడలేదు. ఒక రోజు దాటితే ఆ నీళ్లు ఎందుకు పాడవుతాయో చెప్పింది. పైకి తేటగా ఉన్నా తెల్లారేసరికి వాసన మొదలవుతుందని చెప్పింది. బురద దిగాక కూడా మరగబెట్టే తాగాలని, గాబుకు కాదు బిందెకే కలుపుకోవాలని చెప్పింది. అచ్చియ్యమ్మ అక్కణ్నుంచే అడిగింది.

“మిగిలినయ్యి పారబోసేయాలా ఏంటమ్మా?”

“పారబొయ్యాలండీ. అంట్లు తోముకోండి, తాగొద్దు.”

గంట రెండుసార్లు మోగింది. పది నిమిషాలూ అయిపోయాయి.

“మరి గ్రాఫులేవమ్మా? ఫలితాలు చూపించనే లేదు!” అన్నాడు పెద్ద జడ్జి.

“సమయాభావం వల్ల వాటిని వదిలేస్తున్నానండీ” అంది ఎస్తేరు.

పొద్దుటి నుంచి ఆ మాట వింటున్న వెనక బెంచీల పిల్లలు గొల్లుమన్నారు. పెద్ద జడ్జి నవ్వలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మొదటి బహుమతి ఇటుకలకు వచ్చింది. ఎస్తేరుకు ఏమీ రాలేదు, ప్రోత్సాహక బహుమతి కూడా. బాధపడలేదంటే అబద్ధం. ప్రయోగశాల వెనక మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. అచ్చియ్యమ్మ వెతుక్కుంటూ వచ్చి టీ గ్లాసు చేతిలో పెట్టింది. “ఏ పూట నీళ్లు ఆ పూటేనన్నమాట. నువ్వు చెప్పకపోతే గాబు నింపేద్దును తల్లీ” అనేసి, ఎందుకు ఏడుస్తున్నావని అడక్కుండానే వెళ్లిపోయింది.

కుర్చీలు సర్దించి మాస్టారు గదికి వచ్చేసరికి ఎస్తేరు గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన గంటను గుడ్డతో తుడిచి బీరువాలో పెడుతున్నారు. బహుమతి సంగతి ఆమె ఎత్తలేదు. ముందురోజు అడిగిన ప్రశ్నా ఎత్తలేదు. కానీ ఇంకో సంగతి ఆమె మనసులో పడి ముల్లులా గుచ్చుతోంది. శిష్యురాలన్న అభిమానంతో మాస్టారు నియమం తప్పారేమోనని ఆమె అనుమానం.

“మాస్టారూ, అందరికీ ఎనిమిదో నిమిషానికి నేను కొట్టాను కదండీ. నాకు ఆ మొదటి గంట ఎందుకు కొట్టలేదండీ?”

మాస్టారు బీరువా తాళం వేశారు. ఆమె వంక చూసి, ఆ రోజుకు మొదటిసారి నవ్వారు.

“కొట్టానమ్మా. హాలంతా విన్నారు” అన్నారు.