వలపటెద్దు

"నా వంతు నేనిచ్చుకున్నా. నీ వంతు నీకే వదిలిపెట్టినా. ఇంకేం కావాల తల్లీ నీకు?" అన్నాడు మద్దిలేటి.

తల్లీ అన్నది కట్టుకున్న పెళ్లాన్నే. కాషాయం కట్టినప్పటినుంచీ వాడికి ఆడవాళ్లంతా తల్లులే, ఉరుకుందమ్మతో సహా. మూడేండ్లుగా ఇదే వరస. ఆమె అమావాస్య అమావాస్యకూ ఆశ్రమానికి వచ్చి వాకిట్లో నిలబడి అరుస్తుంది. వాడు లోపలినుంచే డబ్బూ దస్కం మట్టితో సమానమని చెప్పి పంపిస్తాడు.

ఆ పొద్దు ఆమె ఉత్త చేతులతో రాలేదు. ఎద్దును తోలుకొచ్చి చావడి స్తంభానికి కట్టేసింది.

ఆశ్రమమంటే పెద్దదేం కాదు. కొండ కింద రెండు కొట్టాలు, ఒక రాతి చావడి. అక్కడ ఉండేది సుంకులవ్వ. వయసులో ఉన్నప్పుడు కూలికి పోయి బతికిన మనిషి, తర్వాత ఏం కనపడిందో ఏమో, అక్కడే కూర్చుండిపోయింది. జనం కాళ్లు మొక్కుతారు. ఆమె మాట్లాడేది తక్కువ. మొగుడూ పెళ్లాల తగువులో తలదూర్చే అలవాటు అసలే లేదు.

మద్దిలేటి ఇల్లు వదిలేటప్పుడు ఉన్నది ఒక జత ఎద్దులు. జతలో ఒకటి నాది, ఒకటి నీది అని పంచినాడు. ధర్మం తప్పలేదని వాడి నమ్మకం. తన ఎద్దును సంతలో ఆరువందలకు అమ్మి, ఆ డబ్బుతో కంచుగంట పోయించి, చావడి ముందర రాతిదూలానికి మోకుతో కట్టించినాడు. నా ఆస్తిలో నా వంతు ఇచ్చుకున్నా అని అవ్వకు చెప్పినాడు. ఏమమ్మినావని ఆమె అడగలేదు, వీడు చెప్పలేదు.

ఒంటెద్దు ఏం పనికొస్తుంది? పాలివ్వదు, దున్నదు. మేత మాత్రం మేస్తుంది. కాడికి రెండు మెడలు కావాల. ఉరుకుందమ్మ మూడేండ్లు పక్క చేనోళ్ల ఎద్దును బతిమాలుకుంది. వాళ్ల పని అయినాక ఇచ్చేవాళ్లు. అప్పటికి అదును దాటిపోయి, పైరు గిడసబారిపోయేది. మొన్న వాన పడింది. ఈ యేడు వాళ్లు ఇవ్వమని తేల్చి చెప్పేసినారు. అప్పు చేసి తెచ్చిన శెనక్కాయ విత్తనం ఇంట్లో మూటకట్టి ఉంది. రెండు పొద్దులు దాటితే నేలలో పదును ఆరిపోతుంది. ఈసారి కూడా పంట పోతే అప్పిచ్చినోడు చేను రాయించుకుంటాడు.

ఇదంతా ఆమె చెప్పింది. వాడు కండ్లు మూసుకుని విన్నాడు.

"అంతా అయిపోయిందా? ఎద్దు, చేను, విత్తనం. మట్టి తప్ప ఇంకేం కనపడదు నీకు."

"అవునబ్బా, మట్టే. నువ్వు మూడు పూటలా మింగేది అందులోనుంచే వస్తాది," అంది ఉరుకుందమ్మ. "నేను తల్లినంటివి గదా. అయితే రా కొడుకా, కాడికి ఆ పక్క నీ మెడ పెట్టు. తల్లి దున్నుకుంటుంది."

చావడిలో కూర్చున్నోళ్లు పకపకా నవ్వినారు. మద్దిలేటికి ఒళ్లు మండిపోయింది. ఎద్దు పలుపు విప్పి, దాన్నీ ఆమెనూ కలిపి బయటికి తోలబోయినాడు.

అప్పుడు వచ్చింది సుంకులవ్వ. వాడి చేతిలోని పలుపు తీసుకుంది. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని కాయగాసిన చోట చెయ్యి పెట్టి చూసింది.

"ఇది దాపటిది. ఎడమపక్క కట్టేది. వలపటిది యాడమ్మా?"

ఉరుకుందమ్మ చెయ్యెత్తి పైకి చూపించింది.

"అదిగో అవ్వా. వేలాడతా ఉంది."

అవ్వ గంట దిక్కు చూసింది. చానాసేపు చూసింది. చావడిలో నవ్వులు ఆగిపోయినాయి. కొట్టంలోకి పోయి కొడవలి తెచ్చింది. ముసలి ప్రాణం, ఎవరూ పట్టుకోకుండానే తిన్నె ఎక్కింది. మోకు తెగ్గోసింది.

గంట బండమీద పడి కొండంతా మోగింది. మద్దిలేటి పక్కకు దూకినాడు గాబట్టి కాలు మిగిలింది.

"అవ్వా, అది దేవుడి సొత్తు," అన్నాడు మద్దిలేటి.

అవ్వ గంటను కాలితో దొర్లించింది. ఒక పక్క 'మద్దిలేటి స్వామి సమర్పణ' అని లోతుగా చెక్కి ఉంది. ఇంకో పక్క నున్నగా ఉంది.

"దేవుడి పేరు ఏ పక్క ఉందో చూపించురా."

వాడు వంగి నున్నటి పక్కను చేత్తో తడిమినాడు.

"మట్టే గదా. ఎత్తుకో," అంది అవ్వ. లోపలికి పోయి తలుపేసుకుంది.

సంత మూడు కోసుల దూరం. గంట నెత్తిన పెట్టుకుని వాడు ముందు, ఎద్దును పట్టుకుని ఆమె వెనక. వాడికి పెళ్లాం మీద కోపం, అవ్వ మీద అంతకన్నా కోపం. అడుగు పడినప్పుడల్లా గంట మోగుతుంది. దేవుడు ఊరేగుతున్నాడేమోనని దారిలో జనం ఇండ్లలోనుంచి బయటికొచ్చి, చేతులు జోడించబోయి, వీడిని చూసి దించేసుకున్నారు.

కంచరి గంటను తూకం వేసినాడు. చెక్కిన అక్షరాలమీద వేలు పెట్టి చదివినాడు.

"ఎవరో మద్దిలేటి స్వామంట. పోనీలే, కరిగిస్తే పోతుంది," అని పాత కంచు ధర కట్టి నాలుగువందల పది ఇయ్యబోయినాడు. మద్దిలేటి ఆ డబ్బు ముట్టుకోలేదు. ఉరుకుందమ్మ తీసుకుని కొంగున ముడేసుకుంది.

ఎద్దుల దగ్గర ఆమెకు నచ్చింది ఒకటే ఉంది. వలపట అలవాటైందే. ఆరువందల యాభై చెప్పినాడు ఎద్దు ఆసామి. ఆమె కొంగు ముడి పట్టుకుని అట్లే నిలబడిపోయింది. దూరంగా నిలబడిన మద్దిలేటి కాసేపు చూసినాడు. ఆసామి ఆమెను ఎగాదిగా చూసి, మగోళ్లను పిలుచుకుని రాపో అన్నాడు.

మద్దిలేటి వచ్చినాడు. ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసినాడు. గిట్టలు తట్టినాడు. నాలుగడుగులు నడిపించినాడు. కాషాయం కండువా తీసి ఆసామి చేతిమీద కప్పి, సంతలో బేరమాడే పద్ధతిలోనే దాని కింద వేళ్లు పట్టుకున్నాడు. ఇద్దరి మొహాలూ ఎర్రబడినాయి. ఆసామి రెండుసార్లు చెయ్యి విదిలించుకున్నాడు, రెండుసార్లు మళ్లీ పెట్టినాడు. ఐదువందల డెబ్బై ఐదుకు తెగింది.

ఉరుకుందమ్మ తన ముడి విప్పి మొత్తం ఇచ్చేసింది. చాల్లేదు. మిగతాదానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలీక అటూ ఇటూ చూసింది.

మద్దిలేటి ఆమె దిక్కు చూడలేదు. కింద కూర్చుని, కండువా అంచు నోట్లో పెట్టుకుని, పండ్లతో కుట్టు తెంపినాడు. కాశీకి పోవాలని మూడేండ్లుగా, ముక్కిన వాసనొచ్చేదాకా, అందులో దాచి కుట్టుకున్న నోట్లు ఒక్కొక్కటే బయటికి లాగినాడు. ఆసామి చేతిలో పెట్టినాడు, నూట అరవై ఐదు రూపాయలు.